డ్యూటీలో నర్సు శుభ్రత, నీటుదనం: తరచుగా అడిగే ప్రశ్నలు

కొత్తగా చేరిన నర్సులకు వార్డులో మొదటి వారాల పని నేర్పించడం చాలా ఏళ్లుగా నా బాధ్యతల్లో ఒకటి. మందుల లెక్కలు, ఇంజెక్షన్లు, చార్టులు రాయడం గురించి అందరూ నలుగురిలో ధైర్యంగా అడుగుతారు. గోళ్లు, జుట్టు, చెమట, ఉంగరం గురించి మాత్రం డ్యూటీ అయ్యాక ఒంటరిగా వచ్చి మొహమాటపడుతూ అడుగుతారు. అలా విన్న ప్రశ్నలే ఇవి. మీ ఆస్పత్రికి సొంత నియమాలు ఉంటే ముందు అవే పాటించండి. వాటిని ఎందుకు పెట్టారో ఇక్కడ కొంత తెలుస్తుంది.

పని బాగా చేస్తే చాలదా? నర్సు ఎలా కనిపిస్తే రోగికి ఏమిటి?

ఒక్కసారి మంచం మీద పడుకుని ఉన్న మనిషి కళ్లతో చూడండి. పడుకున్నవాళ్లకు మన ముఖం కంటే ముందు మన చేతులు కనిపిస్తాయి. తర్వాత జేబు అంచు, వేలాడే ఐడీ కార్డు, మనం వంగినప్పుడు గడ్డం కింద మెడ. సూది పట్టుకున్న వేలి గోరులో నల్లటి మట్టి కనిపిస్తే ఆ మనిషికి ఇంకేం గుర్తుండదు. మనం ఎంత చదివామో వాళ్లకు తెలియదు. కళ్లకు కనిపించిన దాన్నిబట్టే నమ్మాలో వద్దో తేల్చుకుంటారు.

నమ్మకం ఒక్కటే అయితే కొందరు కొట్టిపారేయవచ్చు. అసలు సంగతి ఇన్ఫెక్షన్. 1847లో వియన్నాలోని ప్రసూతి వార్డులో ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు బాలింతలు జ్వరంతో ఎందుకు చనిపోతున్నారో వెతికాడు. శవపరీక్ష గది నుంచి నేరుగా కాన్పులు చేయడానికి వస్తున్న వైద్యుల చేతులు సబ్బుతో కడిగినా శవాల వాసనే వస్తున్నాయని గమనించాడు. క్లోరిన్ నీళ్లతో చేతులు కడగాలని పట్టుబట్టాక మరణాలు బాగా తగ్గాయి. సూక్ష్మజీవుల గురించి ఇంకా ఎవరికీ సరిగ్గా తెలియని రోజులవి. మనకు అన్నీ తెలుసు కాబట్టి మన బాధ్యత ఇంకా ఎక్కువ.

గోళ్లు ఎంత పొట్టిగా ఉండాలి?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో ఇచ్చిన చేతుల శుభ్రత మార్గదర్శకాల ప్రకారం గోరు కొన అర సెంటీమీటరు దాటకూడదు. నేను నేర్పేది ఇంకా సులువు. అరచేయి మీ వైపు తిప్పుకుని వేళ్లు నిటారుగా పెట్టండి. వేలి కొన పైనుంచి గోరు తొంగి చూస్తే కత్తిరించాల్సిందే.

చేతి మీద సూక్ష్మజీవులు ఎక్కువగా దాక్కునేది గోటి కిందే. పైగా హ్యాండ్‌రబ్ (చేతులకు రుద్దుకునే ఆల్కహాల్ ద్రవం) రాసుకునేటప్పుడు చాలామంది అరచేతులు మాత్రం రుద్దేసి వెళ్లిపోతారు, వేలి కొనలు తడవను కూడా తడవవు. గోరు పెరిగితే గ్లవ్స్ కొన చిరుగుతుంది. రోగిని పక్కకు తిప్పేటప్పుడు గీరుకుంటుంది. కత్తిరించాక అంచును ఫైల్‌తో ఒకసారి నున్నగా చేయండి. గరుకు అంచు పొడుగు గోరంత ఇబ్బందే పెడుతుంది.

గోళ్లు కొరికే అలవాటు ఉన్నవాళ్లకు ఒక మాట. గోటి పక్కన చర్మం చిట్లి ఉంటే అది తెరిచిన గాయమే. రోగి నుంచి మీకు, మీ నుంచి రోగికి, రెండు వైపులా దారి తెరిచినట్టే. వాటర్‌ప్రూఫ్ ప్లాస్టర్ వేయకుండా పనిలోకి దిగకండి.

నెయిల్ పాలిష్, జెల్, అతికించుకునే గోళ్లు వాడొచ్చా?

అతికించుకునే గోళ్లు వద్దు. ఈ విషయంలో నేను సర్దుకుపోను. రోగులను ముట్టుకునే సిబ్బంది వాటిని పెట్టుకోకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగా చెప్పింది. 1997, 98 సంవత్సరాల్లో అమెరికాలోని ఓక్లహోమాలో నవజాత శిశువుల ఐసీయూ ఒకదానిలో సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా నెలల తరబడి వ్యాపించింది. అది సోకిన పసిపిల్లల్లో 16 మంది చనిపోయారు. సిబ్బందిలో పొడుగు గోళ్లు, కృత్రిమ గోళ్లు ఉన్నవారి చేతుల మీద ఆ బ్యాక్టీరియా కనిపించింది. గోళ్ల వల్లే ఇదంతా జరిగిందని తేల్చి చెప్పలేకపోయినా, వాటి పాత్ర ఉండి ఉండొచ్చని పరిశోధకులు రాశారు. నాకు అది చాలు.

మామూలు పాలిష్ సంగతి వేరు. కొత్తగా వేసినప్పుడు పెద్దగా తేడా ఉండదు, పెచ్చులు లేచాక ఆ పగుళ్లలో మురికి చేరుతుంది. పనిచేసే చేతి మీద పాలిష్ రెండు రోజులు కూడా నిలవదు కాబట్టి వేయకపోవడమే నయం. గోటి కింద ఏముందో కనిపించడం కూడా అవసరమే కదా.

ఉంగరం ఎందుకు తీయమంటారు? గ్లవ్స్ వేసుకుంటాం కదా?

నేను శిక్షణలో ఉన్నప్పుడు నా వేలికి చిన్న రాయి ఉన్న ఉంగరం ఉండేది. ఒక రోజు ఉదయం దుప్పటి మారుస్తూ ఒక పెద్దావిడను పక్కకు తిప్పాను. ముంజేతి మీద నా చేయి జారింది. ఆవిడ చర్మం తడి కాగితంలా లేచి వచ్చింది. రెండు అంగుళాల మేర ఎర్రగా తడి. ఆవిడ ఏడవలేదు, "ఫర్వాలేదమ్మా" అంది. ఆ గాయం మానడానికి మూడు వారాలు పట్టింది. రోజూ డ్రెస్సింగ్ నేనే చేశాను. ఆ రోజు నుంచి ఉంగరం పెట్టుకుని వార్డులోకి వెళ్లలేదు.

ముసలివాళ్ల చర్మం, నెలలు నిండకుండా పుట్టిన పిల్లల చర్మం, ఎక్కువ కాలం స్టెరాయిడ్లు వాడినవాళ్ల చర్మం అంత పల్చగా ఉంటుంది. ఇక ఉంగరం కింద చర్మం మీద సూక్ష్మజీవులు ఎక్కువగా ఉంటాయి. అక్కడికి హ్యాండ్‌రబ్ సరిగ్గా చేరదు, కడిగాక తడి ఆరదు. గ్లవ్స్‌ను లోపలి నుంచి చింపేదీ అదే. రాళ్లు లేని సాదా పెళ్లి ఉంగరం ఒక్కదాన్ని మామూలు వార్డుల్లో అనుమతించే ఆస్పత్రులు ఉన్నాయి. అలాంటిచోట చేతులు రుద్దుకునేటప్పుడు దాన్ని జరిపి కింద కూడా రుద్దాలి. ఆపరేషన్ థియేటర్‌లో అదీ కుదరదు.

డ్యూటీలో తీసి జేబులో వేసుకుంటే పోతుంది. ఇంట్లోనే పెట్టి రండి.

చేతి వాచీ కూడా వద్దా? పల్స్ ఎలా చూడాలి?

వద్దు. మోచేతి కింద ఏమీ ఉండకూడదన్న నియమం ఇంగ్లండ్‌లో 2007లో వచ్చింది, ఇప్పుడు చాలా దేశాల ఆస్పత్రులు అనుసరిస్తున్నాయి. పొట్టి చేతుల డ్రెస్సు, వాచీ లేదు, గాజుల్లేవు, బ్రేస్‌లెట్ లేదు. మణికట్టు వరకు కడగాలంటే మణికట్టు ఖాళీగా ఉండాలి.

పల్స్ చూడటానికి నర్సుల వాచీ ఉంది. ఛాతీ దగ్గర పిన్నుతో తగిలించుకుంటారు, డయల్ తలకిందులుగా ఉంటుంది. తల వంచి చూస్తే మనకు నేరుగా కనిపిస్తుంది. ఒక చేయి రోగి మణికట్టు మీద ఉండగా రెండో చేత్తో దేన్నీ ముట్టుకోకుండా సెకన్లు లెక్కపెట్టవచ్చు. షిఫ్ట్ చివర దాన్ని కూడా తుడవండి.

మతాచారం వల్ల ముంజేతులు కప్పుకోవాల్సిన వారికి వాడి పారేసే స్లీవ్‌లు ఉంటాయి. ఒక రోగి దగ్గర పని అవ్వగానే తీసేసి, మరొకరి దగ్గరకు వెళ్లేటప్పుడు కొత్తవి వేసుకోవాలి.

రోజుకు ఎన్నోసార్లు కడిగి కడిగి చేతులు పగిలిపోతున్నాయి. ఏం చేయాలి?

నన్ను ఎక్కువమంది అడిగేది ఇదే. నొప్పి వల్ల చేతులు కడగడం తగ్గించేవాళ్లను చూశాను. పగిలిన చర్మం మీద సూక్ష్మజీవులు ఇంకా గట్టిగా పాతుకుంటాయి, కాబట్టి ఇది మీ ఒక్కరి బాధ అనుకోకండి.

ముందు ఒక అపోహ వదిలించుకోవాలి. మంట పుడుతుంది కాబట్టి హ్యాండ్‌రబ్ చెడ్డదని, సబ్బు మంచిదని చాలామంది అనుకుంటారు. నిజానికి చర్మంలోని నూనెను ఎక్కువగా లాగేసేది సబ్బూ నీళ్లే. హ్యాండ్‌రబ్‌లో చర్మాన్ని మెత్తగా ఉంచే పదార్థాలు కలుపుతారు. మంట పుడుతోందంటే చర్మం అప్పటికే చిట్లి ఉందని అర్థం. చేతులకు మురికి కంటికి కనిపించనప్పుడు 20 నుంచి 30 సెకన్లు హ్యాండ్‌రబ్ రుద్దుకుంటే సరిపోతుంది. రక్తం, మలం లాంటివి అంటినప్పుడు, టాయిలెట్‌కు వెళ్లి వచ్చాక, క్లాస్ట్రీడియం డిఫిసిల్ అనే బ్యాక్టీరియా వల్ల విరేచనాలు ఉన్న రోగి దగ్గర పనిచేశాక మాత్రం సబ్బూ నీళ్లే వాడాలి. ఆ బ్యాక్టీరియా స్పోర్లు, అంటే గట్టి పెంకుతో ఉండే దాని రూపాలు, ఆల్కహాల్‌కు చావవు. మొత్తం కడగడానికి 40 నుంచి 60 సెకన్లు పట్టాలి. సబ్బుతో కడిగిన వెంటనే అలవాటుగా హ్యాండ్‌రబ్ కూడా రాసుకునేవాళ్లున్నారు. అది చర్మాన్ని రెండింతలు బాధపెట్టడమే.

వేడి నీళ్లు వద్దు, గోరువెచ్చగానో చల్లగానో ఉంటే చాలు. చేతులు తడిపాకే సబ్బు తీసుకోండి. పేపర్ టవల్‌తో రుద్దకుండా అద్దండి, ముఖ్యంగా వేళ్ల సందుల్లో. తడి చేతులకు గ్లవ్స్ వేయడం ఎంతో మంది చర్మాన్ని పాడుచేస్తోంది. హడావుడిలో అందరం చేస్తాం, కానీ పది సెకన్లు ఆరనివ్వండి.

క్రీమును డ్యూటీకి ముందు, భోజన విరామంలో, ఇంటికెళ్లాక, పడుకునే ముందు రాయండి. పదిమంది వేళ్లు పెట్టే డబ్బా కాకుండా పంపు లేదా సొంత ట్యూబ్ వాడండి. లేటెక్స్ గ్లవ్స్ వేసుకునే ముందు పెట్రోలియం జెల్లీ లాంటివి వద్దు, అవి లేటెక్స్‌ను బలహీనపరుస్తాయి. దురద, పొక్కులు, రసి కారడం ఉంటే ఇన్‌ఛార్జ్‌కు చెప్పి చర్మ వైద్యులకు చూపించుకోండి. అది పని వల్ల వచ్చిన జబ్బు, మీ తప్పు కాదు.

పొడుగు జుట్టు కత్తిరించుకోవాలా?

అక్కర్లేదు. కాలర్ పైకి ఉండేలా కట్టుకుంటే చాలు. జడ వదిలేస్తే డ్రెస్సింగ్ చేయడానికి వంగినప్పుడు దాని కొన నేరుగా గాయం మీదకో స్టెరైల్ (సూక్ష్మజీవులు లేకుండా శుద్ధి చేసిన) ట్రే మీదకో జారుతుంది. మనం చేత్తో వెనక్కి తోసుకుంటాం. అంతే, అప్పుడే కడిగిన చేయి మళ్లీ పాడైనట్టే. చాలామంది గంటకు ఎన్నిసార్లు ముఖం, జుట్టు ముట్టుకుంటారో వాళ్లకే తెలియదు. ముందుకు పడే చిన్న వెంట్రుకలను కూడా పిన్నులతో వెనక్కి పెట్టమనేది అందుకే.

జడను ముడి చుట్టి నెట్ వేయండి. తలకు గట్టిగా లాగి కట్టకండి, పన్నెండు గంటల తర్వాత తలనొప్పి వస్తుంది, ఏళ్ల తరబడి అలాగే లాగితే నుదుటి దగ్గర జుట్టు ఊడుతుంది. క్లిప్పులు సాదావి వాడండి, పూసలు రాలేవి వద్దు. మతిమరుపు జబ్బు ఉన్నవారు, పసిపిల్లలు, గందరగోళంలో ఉన్న రోగులు చేతికి అందిన జడను గట్టిగా పట్టుకుంటారు. వేలాడే చెవి రింగులు కూడా ఇంతే. చెవిని అంటుకుని ఉండే చిన్న కమ్మలు చాలు.

మగ నర్సులు గడ్డం పెంచుకోవచ్చా?

కత్తిరించి, శుభ్రంగా ఉంచుకుంటే మామూలు వార్డులో అభ్యంతరం లేదు. చిక్కంతా ఎన్95 లాంటి బిగుతు మాస్కులతోనే. మాస్కు అంచు చర్మానికి అతుక్కుంటేనే గాలి ఫిల్టరు గుండా వెళుతుంది. అంచు కింద వెంట్రుకలుంటే గాలి పక్కనుంచి దూరుతుంది, ఒకట్రెండు రోజుల గరుకు గడ్డం కూడా దీనికి చాలు. టీబీ వార్డులో, ఐసీయూలో పనిచేసేవారికి ఇది ప్రాణాలకు సంబంధించిన విషయం. మతపరంగా గడ్డం తీయలేనివారు తలంతా కప్పే హుడ్ రకం రెస్పిరేటర్ అడగాలి. ఏర్పాటు చేయాల్సింది ఆస్పత్రి.

పర్ఫ్యూమ్ కొట్టుకోవచ్చా? చెమట వాసన రాకూడదు కదా?

పర్ఫ్యూమ్ వద్దు. కీమోథెరపీలో ఉన్నవారికి, గర్భిణులకు, మైగ్రేన్ ఉన్నవారికి మనకు హాయిగా అనిపించే వాసనే కడుపులో తిప్పుతుంది. ఆస్తమా ఉన్నవారికి ఆయాసం రావచ్చు. వాళ్లు మంచం దిగి బయటకు వెళ్లలేరు, ముఖం తిప్పుకోవడం తప్ప ఇంకేం చేయలేరు. రోగి మీరు దగ్గరికి రాగానే ముఖం అటు తిప్పితే ఒకసారి దీని గురించి ఆలోచించండి. ఘాటైన హెయిర్ ఆయిల్, బట్టలకు వేసే సువాసన లిక్విడ్, సిగరెట్ వాసన కూడా ఇందులోకే వస్తాయి.

చెమటకు రోజూ స్నానం, ఉతికిన లోదుస్తులు, వాసన లేని డియోడరెంట్. లాకర్‌లో ఒక అదనపు బనియనో లోపలి చొక్కానో ఉంచుకుంటే రాత్రి డ్యూటీ మధ్యలో మార్చుకోవచ్చు. నోటి వాసన మనకు తెలియదు, మాస్కు వేసుకున్న అరగంటకు తెలుస్తుంది. భోజనం తర్వాత పళ్లు తోముకోండి. నీళ్లు తాగకుండా గంటలు గడిపేయడం కూడా ఒక కారణం, నర్సుల్లో ఇది మరీ ఎక్కువ.

మేకప్?

తేలికగా వేసుకుంటే ఎవరికీ ఇబ్బంది లేదు. మాస్కుకు అంటుకునేంత, రాలేంత వద్దు. అతికించుకునే కనురెప్ప వెంట్రుకలు మాత్రం స్టెరైల్ పని జరిగేచోట అసలు వద్దు, ఊడి పడితే ఎక్కడ పడతాయో చెప్పలేం.

యూనిఫాం ఎలా ఉతకాలి? వేసుకునే ఇంటికి వెళ్లొచ్చా?

60 డిగ్రీల వేడి నీళ్లలో పది నిమిషాలు ఉతికితే చాలావరకు సూక్ష్మజీవులు పోతాయని బ్రిటన్ ఆరోగ్య శాఖ మార్గదర్శకాలు చెబుతున్నాయి. మెషీన్‌ను కుక్కి నింపకండి, నీళ్లు తిరగాలి. అంత వేడి వీలుకాకపోతే బట్ట తట్టుకోగలిగినంత వేడిలో ఉతికి, పూర్తిగా ఆరబెట్టి, వేడి ఇస్త్రీ చేయండి. రక్తం పడిన డ్రెస్సును ఇంటికి తీసుకెళ్లకుండా ఆస్పత్రి లాండ్రీకి ఇవ్వడమే సరైన పద్ధతి.

యూనిఫాం వల్ల ఇన్ఫెక్షన్లు వ్యాపిస్తాయనడానికి గట్టి ఆధారం లేదని అవే మార్గదర్శకాలు ఒప్పుకున్నాయి. అయినా ఆస్పత్రిలోనే మార్చుకోమంటాను. బస్సులో పక్కన కూర్చున్న మనిషికి ఆ లెక్కలు తెలియవు. మరకల యూనిఫాంతో అంగట్లో కనిపిస్తే మన వృత్తి మీదే అనుమానం వస్తుంది. అయితే మార్చుకునే గది, లాకరు, తగినన్ని జతలు ఇవ్వకుండా ఈ నియమం పెట్టడం అన్యాయం. ఒకే జతతో వారమంతా నెట్టుకొచ్చే నర్సును నీటుగా లేవని తిట్టే హక్కు ఎవరికీ లేదు. ఈ మాట నేను పై అధికారుల ముందు కూడా అన్నాను.

కొలత ముఖ్యం. వంగినా, చేతులెత్తినా, మోకాళ్ల మీద కూర్చుని సీపీఆర్ (గుండె ఆగినవారి ఛాతీ నొక్కడం) చేసినా బట్ట పైకి లాగకూడదు. కొత్త జత తీసుకున్నప్పుడు ఇవన్నీ ఒకసారి చేసి చూడండి.

చెప్పులు వేసుకోవచ్చా?

ముందు భాగం మూసి ఉన్న, జారని, తుడవడానికి వీలైన బూట్లు వేసుకోవాలి. చేతిలోంచి జారిన సూది పడేది పాదం మీదే. గుడ్డ బూటు రక్తాన్ని పీల్చుకుంటుంది. చప్పుడు చేయని అడుగు ఉంటే రాత్రి వార్డు మొత్తం నిద్రపోతుంది.

ఐడీ కార్డు మెడలో వేయాలా, క్లిప్ పెట్టాలా?

ఛాతీ దగ్గర క్లిప్. మెడలో తాడు వంగిన ప్రతిసారీ మంచానికి, గాయానికి తగులుతుంది, ఉతికేవాళ్లు అరుదు. తాడు తప్పనిసరైతే లాగగానే ఊడిపోయే రకం తీసుకోండి, కోపంలో ఉన్న రోగి పట్టుకుని లాగితే మెడకు బిగుసుకోదు.

కార్డు తిరగబడి ఉంటే అది ఉన్నా లేనట్టే. కేట్ గ్రేంజర్ అనే బ్రిటిష్ డాక్టరు తనే క్యాన్సర్ రోగిగా ఆస్పత్రిలో ఉన్నప్పుడు, తనకు వైద్యం చేస్తున్న చాలామంది తమ పేరు కూడా చెప్పడం లేదని గమనించారు. 2013లో "హలో, మై నేమ్ ఈజ్" అనే ప్రచారం మొదలుపెట్టారు. పేరు పెద్ద అక్షరాల్లో కనిపించడం, పేరు చెప్పి పలకరించడం నీటుదనంలో భాగమనే నేను నేర్పిస్తాను.

నెలసరి రోజుల్లో మరక భయంతో పనిమీద ధ్యాస ఉండదు.

ఈ టెన్షన్ చాలామందికి ఉంటుంది, ఎవరూ బయటకు చెప్పరు. ముదురు రంగు లోదుస్తులు, లాకర్‌లో అదనపు ప్యాంటు, ప్యాడ్లు ఉంచుకోండి. మార్చుకోవడానికి ఐదు నిమిషాలు అడగడం నేరం కాదు. నేను ఇన్‌ఛార్జ్‌గా ఉన్న షిఫ్టుల్లో "సిస్టర్, ఐదు నిమిషాలు" అంటే కారణం అడగను.

తోటి నర్సు దగ్గర వాసన వస్తోంది. ఎలా చెప్పాలి?

ఒంటరిగా, షిఫ్ట్ అయ్యాక, రెండే వాక్యాల్లో చెప్పండి. "ఒక మాట చెప్తాను, ఏమీ అనుకోకు. ఈ మధ్య నీ దగ్గర చెమట వాసన తెలుస్తోంది, నాకు అలా ఉంటే నువ్వు చెప్పాలనే కోరుకుంటాను." ఇంతే. ఇంకొంతమంది కూడా అంటున్నారని చేర్చకండి, ఆ ఒక్క మాటతో మనిషి కుంగిపోతుంది. లాకరు మీద సబ్బు పెట్టి వెళ్లడం, వాట్సాప్ గ్రూపులో అందరికీ అన్నట్టు మెసేజ్ పెట్టడం క్రూరత్వం. ఆ మనిషికి ఇంట్లో నీళ్లు లేకపోవచ్చు, చిగుళ్ల జబ్బు కావచ్చు, మందుల వల్ల కావచ్చు, మనసు బాగోక స్నానం మీదే ఆసక్తి పోయి ఉండొచ్చు. చెప్పిన తర్వాత కాసేపు పక్కన కూర్చోండి.

రోగులు, వాళ్ల బంధువులు నా అందం గురించి కామెంట్ చేస్తున్నారు. సర్దుకుపోవాలా?

వద్దు. మీరు నీటుగా ఉండేది పని కోసం. మీ రంగు, లావు, ముఖం గురించి మాట్లాడే హక్కు దాంతో ఎవరికీ రాదు. గొంతు పెంచకుండా "ఆ మాట వద్దండీ, మీ బీపీ చూడాలి" అని పని కొనసాగించండి. రెండోసారి అంటే ఇన్‌ఛార్జ్‌కు చెప్పండి. తేదీ, సమయం, అన్న మాటలు, అక్కడ ఉన్నవాళ్ల పేర్లు అదే రోజు రాసి పెట్టండి. ఆ మంచానికి మీకు బదులు మరొకరిని వేయమని అడగవచ్చు, లేదా ఇద్దరు కలిసి వెళ్లవచ్చు. "నువ్వే ఏదో చేసి ఉంటావు" అని ఇన్‌ఛార్జ్ అంటే, పైవాళ్లకు రాతపూర్వకంగా ఇవ్వండి. ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి.